ఉగాది ముందురోజు కడిగిన బోర్డు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్లూ బళ్లోవాళ్లూ ఒకే మాట అంటారు. నిజమే. కానీ ఆ ఉగాది పొద్దున మా తెలుగు సంఘం గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నాకు కోపం రాలేదు. తెర మీద పసుప్పచ్చ అక్షరాలతో ఉగాది శుభాకాంక్షలు అని ఒక్క ముక్క ఉంది. దాని కింద తెలుపు. మీట నొక్కి ఎంత కిందికి వెళ్లినా తెలుపే. దాదాపు ఏడాదిగా ప్రతి ఆదివారం నేను కూర్చుని పెట్టినవన్నీ పోయాయి.

అసలు ఆ వెబ్‌సైటు మా సెక్రటరీగారి పంతం. ఆయన బెంగాల్లో మా ఊరు ఖరగ్‌పూర్‌లోనే రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. తొంభైల చివర్లో ఇంకో ఊరి తెలుగువాళ్లు వెబ్‌సైటు పెట్టుకున్నారని విన్న దగ్గర్నుంచీ ఆయనకి కాలు నిలవలేదు. రిటైరైన మనవాళ్లు విజయనగరమనీ భిలాయి అనీ చెదిరిపోయారు, వాళ్లకి ఇక్కడి మంచీ చెడూ ఎలా తెలుస్తుందన్నారు. సంఘానికి కంప్యూటరు కొనిపించారు. ఊళ్లోనే ఇందా పేటలో కంప్యూటరు సెంటరు నడిపే ఒక బెంగాలీ దాదాని పట్టుకొచ్చి సైటు కట్టించారు. నేను తెలుగు బడిలో పంతులమ్మని. టైపు నేర్చుకున్న పాపానికి ఆ పని నా మెడకి చుట్టారు.

దాదా మొదటిరోజు నేర్పిన పద్ధతి చూసి నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను. పాస్‌వర్డ్ కొడితే లోపల ఇంకో గది తెరుచుకున్నట్టు ఒక పేజీ వస్తుంది. అందులో గళ్లు. ఒక గడిలో శీర్షిక, ఒక గడిలో విషయం, ఇంకో దాంట్లో ఫోటో. రంగులూ అంచులూ మనం చూసుకోనక్కర్లేదు, అవి అచ్చులో పోసినట్టు వాటంతటవే అమరుతాయి. తెలుగు అక్షరాలు ఎక్కించే దారి మాకప్పుడు తెలియదు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. నేనిక్కడ మీట నొక్కితే విజయనగరంలో కనిపిస్తుందా అని అడిగితే దాదా నవ్వాడు. దానికి కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని అంత పొడుగు పేరుందని తర్వాత తెలిసింది. సెక్రటరీగారు మాత్రం ఒక్క మాటలో తేల్చేశారు.

"ఏటీ లేదమ్మా, ఇదీ మన నోటీసు బోర్డే. కరెంటు బోర్డు, అంతే."

ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావలసింది, రాలేదు.

పని మాత్రం ఆఫీసు ఫైలులాగే నడిచింది. నేను రాసి భద్రం చేస్తే అది లోపలే ఉంటుంది. సెక్రటరీగారు కళ్లజోడు తుడుచుకుని చదివి, తప్పులుంటే గొణిగి, ప్రచురించే మీట ఆయనే నొక్కాలి. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటే. పెళ్లిళ్లు, చావులు, బళ్లో అడ్మిషన్లు, పూజ చందాలు ఎక్కించేదాన్ని. పెళ్లయిపోయాక పెళ్లిపిలుపు తీసేసేదాన్ని. పెద్ద ఫోటో పెడితే పేజీ తెరుచుకోవడానికి యుగం పట్టేది, అందుకని ప్రతి ఫోటో చిన్నది చెయ్యాలి. టెలిఫోను తీగ మీద లైను కలిసేదాకా ఆ మోడెం పెట్టె కీచుమంటూ గోల పెడుతుంటే, నేను దాన్ని తిడుతూ కూర్చునేదాన్ని. విశ్వకర్మ పూజకి రైల్వే వర్క్‌షాపులో లేతు మిషన్లకి పెట్టినట్టే మా కంప్యూటరుకీ బొట్టు పెట్టారు. ఆ కుంకుమ మరక తెర మూలన చివరిదాకా ఉంది.

అందులో నాకు ఇష్టమైన భాగం ఒకటుంది. పెద్దవాళ్లు తమ కథ చెబితే నేను రాసి పెట్టేదాన్ని. మొదట దొరికిన మనిషి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక ముసలాయన, శ్రీకాకుళం వైపునుంచి వచ్చినవాడు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో జీవితమంతా గడిపి, తర్వాత ఝపటాపూర్‌లో చిన్న అద్దింట్లో ఉండేవాడు. నేను ఇంటికి వెళ్లి ఎదురుగా కూర్చుంటే చెప్పేవాడు. లోపల వంటింట్లో ఆయన భార్య ఏదో పని చేసుకుంటూ గిన్నెలు కదిలించేది. మాకు టీ తెచ్చి పెట్టి మళ్లీ లోపలికి పోయేది.

మొదటిసారి నేను ఆయన మాటల్ని బడి తెలుగులోకి దిద్ది చదివి వినిపిస్తే ముసలాయన మండిపడ్డాడు.

"ఇదెవల్దమ్మా? నాది గాదు. నాను ఇలగ సెప్పినానా?"

నేను చెవులు పట్టుకున్నంత పని చేసి, ఆయన అన్నది అన్నట్టే రాశాను. వాల్తేరులో బండెక్కడం, పక్కన ఆకుపచ్చ ట్రంకు పెట్టె, దాని ఇత్తడి తాళం, ఆవకాయ జాడీ మూతికి కట్టిన గుడ్డ, తెల్లారేసరికి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం, దాని పొడుగు చూసి బెదిరిపోవడం. మొదటిరోజు వర్క్‌షాపు సైరన్ వినగానే ఏదో పేలిందనుకుని బల్ల కింద దూరడం. చివర్న, ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటీ వెళ్లిపోయిన రోజులు. చిన్న పేజీ. కానీ అది చదివి విజయనగరం నుంచి ఎవరో, మా నాన్న ట్రంకు కూడా ఆకుపచ్చదే అని రాస్తే, సెక్రటరీగారు ఆ సంగతి ఊరంతా చెప్పుకున్నారు.

ఆ వానాకాలంలోనే ముసలాయన పోయాడు. ఆ కబురు కూడా నేనే సైటులో పెట్టాను.

పెద్దకర్మ అయ్యాక ఒక ఆదివారం ఆయన భార్య రిక్షా దిగి సంఘం గదికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"పంతులమ్మా, ఆయన మాటలు దీన్లో ఉన్నాయంట గదా. నాకు సదువు రాదు. ఓసారి సదివి పెడతావా?"

చదివాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మళ్లీ ఆదివారం వచ్చింది. ఆ మరుసటి ఆదివారం కూడా. నేను ఆమెని మామ్మా అనేదాన్ని. ఆమెకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆయన గొంతు మాత్రమే ఉండేదని, అది పోయాక తనకి చెవుల్లో ఏమీ వినపడటం లేదని ఒకసారి అంది. నా పనులన్నీ ఆపి ఆమెకి చదివేదాన్ని. ఇంట్లో ఎవరికీ అంత ఓపికగా ఏదీ చదివి వినిపించలేదు నేను. సెక్రటరీగారే ఆ పేజీ కాగితం మీద అచ్చు తీయించి చెక్క బోర్డుకి కూడా గుచ్చారు. కరెంటు లేని ఆదివారం నేను బోర్డు దగ్గర నిలబడి చదివేదాన్ని.

ఆ చెక్క బోర్డుకి మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఉగాది ముందురోజు సాయంత్రం పాత కాగితాలన్నీ పీకేస్తారు. అవి టీ పొయ్యిలోకి పోతాయి. గుండుసూదులు గాజు సీసాలో వేస్తారు. చట్రం తడిగుడ్డతో తుడిచి నాలుగు మూలలా పసుపు పెడతారు. కొత్త సంవత్సరం ఖాళీ బోర్డుతో మొదలవ్వాలి, మొదటి కాగితం శుభమై ఉండాలి. మేం పుట్టకముందునుంచీ నడుస్తున్న పద్ధతి, సెక్రటరీగారు దాన్ని ఎన్నడూ తప్పలేదు.

ఆ ఏడాది ఆయన రెండు బోర్డులూ కడిగారు.

ఉగాది ఆ ఏడు ఆదివారం పడింది. పచ్చడి గిన్నె చేత్తో పట్టుకుని ఆయన నవ్వుతూ గదిలోకి వచ్చేసరికి నేను తెరకేసి వేలు చూపించాను.

"ఏటమ్మా, అలగ అయిపోయినావు? నేనే తీసినాను. నువ్వెంతకని సేస్తావు, ఇది నేనే సేద్దామని. పాపం, ఎంత మర్యాదస్తురాలో ఈ మిషను! ప్రతీదానికీ అడిగింది, నిజంగా తీసేయమంటారా అని. ప్రతీదానికీ అవునన్నాను."

"పెద్దవాళ్ల కథలు కూడా తీశారా బాబాయ్‌గారూ?"

"అన్నీనమ్మా. సగం ఉంచితే కడిగినట్టేటి?"

నేను బోర్డు దగ్గరికి పరిగెత్తాను. ఆకుపచ్చ గుడ్డ మీద సూది కన్నాలు తప్ప ఏమీ లేవు. మూలల్లో పసుపు ఇంకా తడిగా ఉంది. ఆయన చెప్పిన అవునుల్లో ముసలాయన పేజీ ఎన్నోదో, ఆ అవును అంటున్నప్పుడు ఈయన నవ్వుతున్నాడేమో అనిపించింది. ఒక మనిషి బతుకు తీసెయ్యడానికి అంత సులువైన మీట ఎవడు పెట్టాడు?

ఇందా సెంటరుకి ఫోను చేశాను. దాదా అంతా విని, "దీదీ, బ్యాకప్ రాఖేన్‌ని?" అన్నాడు. ఇంకో కాపీ దాచలేదా అని. ఆ మాట మాకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవాడే అడుగుతున్నాడు! టైపు చేశాక నా చిత్తు కాగితాలు కూడా పారేసేదాన్ని. కలకత్తాలో సైటు ఉంచిన కంపెనీని ఆయనే అడిగి మళ్లీ ఫోను చేశాడు. పోయినవి పోయినట్టేనట. ఫోను పెట్టేసి చూద్దును కదా, సెక్రటరీగారు కుర్చీలో కూలబడి ఉన్నారు. పచ్చడి గిన్నె ఆయన ఒళ్లోనే ఉంది. ఆ ముఖం చూశాక నాలుక చివరిదాకా వచ్చిన తిట్లన్నీ వెనక్కి పోయాయి.

"బోర్డే గదా అనుకున్నానమ్మా," అన్నారు. అంతే.

అప్పుడే బయట రిక్షా ఆగింది.

మామ్మ కొత్త చీర కట్టుకోలేదు గానీ ఉతికిన తెల్లచీర గంజి పెట్టి కట్టుకొచ్చింది. ఎప్పుడూ కూర్చునే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని కళ్లు మూసుకుంది. నేను చదవడం మొదలెట్టకపోయేసరికి కళ్లు తెరిచి మా ఇద్దర్నీ చూసింది. సెక్రటరీగారే లేచి నిలబడ్డారు.

"అమ్మా, తప్పయిపోయింది. ఉగాది గదాని అన్నీ తుడిసేసినాను. మీ ఆయన మాటలు కూడా పోయినాయి."

ఆమె ఆయన్నే చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"పోడానికేటి బాబూ," అంది. "ఇన్ని మార్లు సదివించుకున్నాను. పంతులమ్మా, రాసుకో. నాను సెప్తాను."

నేను ఖాళీ గళ్లు తెరిచాను. ఆమె మొదలెట్టింది. ఆ మాటలు ఆయనవి, ఆ విరుపు మాత్రం నాది. నేను ఎక్కడ ఊపిరి తీసుకునేదాన్నో ఆమె అక్కడ తీసుకుంటోంది. సైరన్ దగ్గరకొచ్చి ఆగి, "ఇక్కడ ఓసారి కరెంటు పోతే నువ్వు కరెంటోళ్లని తిట్టినావు. అది రాయకు," అంది. సెక్రటరీగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిరి ఇంజన్ల దాకా ఒక్క మాట తడబడలేదు.

అయిపోయాక ఆమె స్టూలు మీంచి లేవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఇంకో ముక్క పెడతావేటమ్మా? ఆయన సెప్పలేదు గానీ."

"చెప్పు మామ్మా."

"ఆ ఆకుపచ్చ ట్రంకు పెట్టి ఉన్నాది సూడు, దాని మీద నాను కూకున్నాను. పెళ్లయిన వారానికే తీసుకొచ్చినాడు నన్ను. దిగకు, దొంగలున్నారు అన్నాడు. తెల్లారగట్లదాకా దిగనేదు."

నా వేళ్లు ఆగిపోయాయి. ఎన్ని ఆదివారాలు చదివాను ఆ పేజీ! ట్రంకు రంగు చెప్పాడు, తాళం చెప్పాడు, జాడీ మూతికి కట్టిన గుడ్డ కూడా చెప్పాడు. పేజీ మొత్తంలో ఆమె లేదు. గిన్నెల చప్పుడు వింటూ, ఆమె ఇచ్చిన టీ తాగుతూ రాసుకున్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె మాత్రం తను లేని ఆ కథని వారం వారం రిక్షా ఎక్కి వచ్చి విని వెళ్లింది.

రాశాను. పద్ధతి ప్రకారం సెక్రటరీగారు చదవాలి, ఆయనే మీట నొక్కాలి. ఆయన మొదట్నుంచీ చదివి ఆ కొత్త వాక్యం దగ్గర ఆగారు. ముసలాయన చెప్పని మాట ఆయన కథలో ఎలా పెడతాం అంటారేమోనని నేను పోట్లాటకి సిద్ధమయ్యాను. ఆయన మీట నొక్కారు. కుర్చీ లోంచి లేస్తూ నా వైపు చూడకుండా అన్నారు.

"పాస్‌వర్డ్ మార్చెయ్యమ్మా. నాకు సెప్పకు."

ఆ సాయంత్రమే ఫ్లాపీ మీద ఒక కాపీ, కాగితం మీద ఒక కాపీ తీసి మా ఇంటి బీరువాలో పెట్టాను. చెక్క బోర్డుని ఇప్పటికీ ఉగాది ముందురోజు కడుగుతారట, కడుక్కోనీ.

మరుసటి ఆదివారం మామ్మ ఎప్పటిలాగే వచ్చింది. స్టూలు లాక్కుంది. నేను పేజీ తెరిచి గొంతు సవరించుకుని మొదటి వాక్యం ఎత్తుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"అదంతా నాకొచ్చును గదమ్మా," అంది. "పెట్టి మీద నాను కూకున్న కాడ్నుంచి సదువు."