పిలిస్తే ఆగని కారు

బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని నా చిన్నప్పుడు మా ఇంట్లో గట్టి పట్టింపు. పిలిస్తే పోయిన పని చెడుతుందని మా అవ్వ, అంటే మా నాయన తల్లి, అనేది. మాది ధరూర్ దగ్గర ఊరు. మా నాయన ఒక పాత కారును కిరాయికి నడిపేవాడు. ఆ కారుకు ఒక మాయరోగం ఉండేది. ఉన్నట్టుండి దారిలో ఆగిపోయేది, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. గద్వాలలో మేమంతా చాచా అని పిలిచే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం, అత్తారింటికి వచ్చిన కొత్త కోడలిలా ఎంత బుద్ధిగా నడిచేదో! ఆయన చూసి, ఏమీ లేదని పంపించేసేవాడు.

ఆ ఎండాకాలం మా అమ్మకు జ్వరం వచ్చింది. తగ్గకపోగా ఆయాసంలోకి దింపింది. ఒక మధ్యాహ్నం నాయన ఆమెను కారులో పడుకోబెట్టి గద్వాల దవాఖానకు బయలుదేరాడు. గడప దగ్గర అమ్మ చెప్పులు అలాగే ఉండిపోయాయి. కాళ్లు కాలుతాయి కదా అనుకుని వాటిని పట్టుకుని, "అమ్మా, చెప్పులు!" అని అరుస్తూ కారు వెనక పరుగెత్తాను. కారు వెళ్లిపోయింది. ఊరు దాటాక గతుకుల దారిలో అది ఆగింది. ఈసారి ఎంతకీ కదల్లేదు. వేరే బండి దొరికి దవాఖానకు చేరేసరికి అమ్మ ప్రాణం పోయింది.

దినాలు అయ్యేదాకా పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అవ్వ ఒకటే చెప్పింది, పిల్ల వెనక నుంచి పిలిచిందని. పాపం, ఆమె నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆ దుఃఖంలో తనకు తోచిన కారణం చెప్పుకుంది, అంతే. నాయన ఔననలేదు, కాదనలేదు, నా వైపు చూడనూ లేదు. నేను మాట్లాడటం మానేశాను. నోరు తెరిస్తే ఇంకెవరికి ఏమవుతుందోనని భయం. ఏడుపు కూడా రాలేదు.

దినాలు అయ్యాక ఒక పొద్దున చాచా వచ్చాడు. నాయన ముందు నిలబడి, "తప్పు నాది తమ్మీ. బండి మంచిగ నడుస్తుంటే ఏం లేదన్న. జర ఎతకాల్సి ఉండె," అన్నాడు. కారు మర్నాడు ఎప్పటిలాగే స్టార్ట్ అయి ఇంటికి చేరి ఉంది. చాచా చొక్కా చేతులు మడిచి దాని బానెట్ ఎత్తాడు. ఎప్పుడెప్పుడు ఆగుతుంది, పొద్దుననా, ఎండలోనా, చదును దారిలోనా, గతుకుల మీదనా అని నాయనను అడిగాడు. ఆ రోజు బయలుదేరేటప్పుడు ఏం జరిగిందని ఇంట్లో అందరినీ అడిగాడు. అవ్వ నన్ను చూపించి, "ఇంకేం జరగాలె? గీ పిల్ల ఎనకనుంచి పిల్చింది," అన్నది.

చాచా నవ్వలేదు, వాదించలేదు. "అట్లనా అమ్మా? అయితే అది గూడ చూద్దాం," అన్నాడు. నాయనను కారెక్కించి, వీధి చివరిదాకా పోయి రమ్మన్నాడు. నన్ను వెనక నిలబెట్టి, "బేటీ, ఆ దినం ఎట్ల పిల్చినవో గట్లనే పిలువు," అన్నాడు.

ఆయన తొందరపెట్టలేదు. చివరికి అమ్మ లేని కారును చూస్తూ "అమ్మా, చెప్పులు" అన్నాను. గట్టిగా అనమన్నాడు. అరిచాను. కారు వెళ్లి వచ్చింది. మళ్లీ పొమ్మన్నాడు, మళ్లీ నన్ను అరవమన్నాడు. ఇంజను వేడెక్కేదాకా అలా తిప్పుతూనే ఉన్నాడు. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చి చూశారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. కారు ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు ఇంజను ఆపనివ్వకుండా, అందరినీ మాట్లాడొద్దని చెప్పి, ఒక్కో వైరునూ వేళ్లతో మెల్లగా కదిలించుకుంటూ పోయాడు. తాళం దగ్గర నుంచి ఇంజనుకు వచ్చే వైరు ఒకటి ఉంది. అది వంపు తిరిగే చోట ఆయన వేలు తగలగానే ఇంజను టక్కున ఆగిపోయింది. వదిలి స్టార్ట్ చేస్తే అయింది. మళ్లీ వంచితే మళ్లీ ఆగింది. "ఇప్పుడు ఎవరన్న పిల్చిన్రా?" అని అవ్వను అడిగాడు.

ఆ వైరు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. పైన రబ్బరు చెక్కుచెదరలేదు. లోపల రాగి తీగలు చిలుముపట్టి తెగి ఉన్నాయి. చదును దారిలో ఆ కొసలు ఒకదానికొకటి తాకుతూనే ఉంటాయని, వేడికీ గతుకుల అదురుకీ విడిపోతాయని చెప్పాడు. ఈ వైరు బాగుంటే అమ్మ బతికేదా అని అడిగాను.

"గది నాకు తెల్వదు బిడ్డా. నీ పిలుపుకైతే ఆగలే. గంత మాత్రం తెల్సు," అన్నాడు.

నాయన వచ్చి నన్ను దగ్గరికి తీసుకున్నాడు. అప్పుడు ఏడ్చాను. అన్ని రోజులూ నా మనసు నేను చేసిన తప్పు చుట్టూనే తిరిగింది. అది నాది కాదని తేలాక, అమ్మ ఇక రాదన్న సంగతి ఒక్కటే మిగిలింది. దాన్ని మోయడం ఇంకా కష్టమైంది, కానీ అది నేను మోయవలసిన బరువే.

ఇప్పుడు నాకు మనవలు, మనవరాళ్లు ఉన్నారు. చావు జరిగిన ఇంటికి వెళ్తే పెద్దవాళ్లను ఓదార్చడానికి చాలామంది ఉంటారు. నేను పిల్లలను వెతుకుతాను. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న పిల్ల కనిపిస్తే పక్కన కూర్చుని, "నువ్వేం చేసినవనుకుంటున్నవు బిడ్డా?" అని అడుగుతాను. ఏమీ చేయలేదని ఇంతవరకు ఏ పిల్లా అనలేదు.