నాలుగు గంటల దుబాయ్

మొన్న టేకులపల్లిలో బస్సు కోసం నిలబడితే పక్కనున్న ఒకామె అడిగింది, "పెద్దాయనా, దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు విమానం ఎంత సేపయితది?" అల్లుడు వస్తున్నాడట. ఆ లెక్క నాకు తెలిసిందే. అయినా "నాకు తెల్వదమ్మా" అన్నాను. చేతిలో ఫోను పెట్టుకుని తెలియదంటాడేమిటని ఆమె నా మొహం చూసింది.

నాకు అక్షరాలు నలభై దాటాక, రాత్రిబడిలో వచ్చాయి. అవి వచ్చాక నోరు ఇంకొంచెం పెద్దదయింది. గోడమీద అంటించిన కాగితం కనబడితే చాలు, అడగనివాళ్లకు కూడా చదివి వినిపించేవాణ్ణి. కిందటి ఎండాకాలం మా అత్త తెల్లవారుతుండగా పోయింది. ఒక్కడే కొడుకు, నా బామ్మర్ది, దుబాయ్‌లో డ్రైవరు. "బావా, నేనొచ్చేదాకా ఎత్తకుండ్రి" అని ఫోన్లో ఏడ్చాడు. మా దగ్గర పూడుస్తాం. మొదటి పిడికెడు మన్ను కొడుకే వేయాలి. శవం లేచేదాకా వాడలో ఎవరి పొయ్యీ వెలగదు. అందుకే పెద్దమనుషులు ముందే అడిగారు, ఎంత సేపు ఆగాలని. నేను ఫోను తీసి, అందరూ వినేలా కూడబలుక్కుని చదివాను: రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటలు. "గంతేనా? మనం భద్రాచలం పోయొచ్చినంత సేపు" అన్నాడొక ముసలాయన. "అవ్, గంతే. పొద్దు నెత్తికెక్కేసరికి వాకిట్ల ఉంటడు" అన్నాను.

నా భార్య ఏడుపు ఆపి, "ఏమయ్యా, కొత్తగూడెం నుంచి ఐసు పెట్టె తెప్పియ్యరాదు?" అంది. "నాలుగు గంటలకు పెట్టె ఏందే, నేను సదివింది ఇనబడలేదా?" అని కసిరాను. నలుగురి ముందు మాట పడి, ఆమె పోయి తల్లి పక్కన కూర్చుంది.

యజమాని సెలవివ్వాలనీ, టికెట్ దొరకాలనీ, విమానం ఎక్కడానికి ముందే పోయి కూర్చోవాలనీ, దిగాక మా ఊరికి ఇంకా ఆరు గంటల రోడ్డుందనీ ఫోను చెప్పలేదు. నేను అడగలేదు. మధ్యాహ్నానికి బామ్మర్ది ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడు. అప్పుడు పెట్టె కోసం మనిషిని పంపితే, అది వేరే ఊరికి పోయిందని ఉత్త చేతులతో వచ్చాడు. ఎండ నిప్పులు కక్కుతోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. తల్లి ముఖం మీద కప్పిన గుడ్డను నా భార్య మాటిమాటికీ సర్దుతోంది. పొద్దు వాలాక పెద్దమనుషులు నా వైపు చూశారు. "ఎత్తుండ్రి" అన్నది నేనే. కొడుకు వేయాల్సిన మన్ను పాలివాళ్లలో వరసకు కొడుకయ్యేవాడొకడు వేశాడు.

బామ్మర్ది మర్నాడు తెల్లవారాక వచ్చాడు. సంచి భుజానే ఉంది. నేరుగా తల్లిని పూడ్చిన మట్టి దగ్గరికి పోయి, ఒక పిడికెడు తీసి, ఎక్కడ వేయాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. చివరికి తల వైపు వదిలాడు. నేను వెనకాల నిలబడి ఏదో అనబోయాను. అతనే తిరిగి, "నువ్వు చెప్పింది కరెక్టే బావా, విమానంల నాలుగు గంటలే పట్టింది" అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. నా మాట నిజమేనని నాకే సర్దిచెబుతున్నాడు.

అతను నన్ను అక్కడ నిలబెట్టి నాలుగు తిట్టి ఉంటే ఆ సంగతి ఆ రోజుతోనే అయిపోయేది. తిట్టలేదు. నాకు ఆ పొద్దు ఇంకా గుంకలేదు.