తుఫాను వేషం

నా చిన్నప్పుడు తుఫాను మా బడి మీది రేకును సగం ఊడబెరికి, ఒక పగలంతా గోడకేసి కొట్టింది. ఇళ్లు కూలిన మేమంతా ఆ బడిలోనే తలదాచుకున్నాం. నాకు తొమ్మిదేళ్లు, మా చెల్లికి ఆరు. గాలి తగ్గాక కూడా చెల్లి నోరు విప్పలేదు. పళ్లెం కింద పెట్టిన చప్పుడైనా చాలు, చెవులు మూసుకుని మూలకు చేరేది. అమ్మ తాయెత్తు కట్టించింది. అయినా మాట రాలేదు.

మా ఊరు వంశధార గట్టున, శ్రీముఖలింగం పోయే దారిలో ఉండేది. మా తాతయ్య గొర్రెలు కాసేవాడు, తప్పెటగుళ్లు ఆడేవాడు. గుండెల మీద గుండ్రటి రేకు కట్టుకుని, దాన్ని చేతులతో వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో గెంతుతూ కథ పాడే ఆట అది. ఆయన తప్పెట ఇంటితోపాటు ఏట్లో పోయింది. ఒక ఉదయం ఆయన బడి మీంచి పడిన ఆ రేకునే తెచ్చి, గుండ్రంగా కోసి, అంచులు మడిచి, రాయితో సాగగొట్టి కొత్త తప్పెట చేశాడు. ఆ చప్పుడుకు చెల్లి పారిపోతుంటే ఆపలేదు, పిలవలేదు.

తరవాత పిల్లలందరినీ పోగుచేసి తుఫాను కథ ఆడదామన్నాడు. ఒకడు కొబ్బరిచెట్టు, ఇద్దరు గొర్రెలు, నేను ఇల్లు. మూడు రోజులు నేర్పాడు. పక్కింటి అత్త ఊరుకోలేదు.

"తిండిగింజ లేక మేమేడుస్తంటే నీకు ఆటలేటి మావా?"

"ఏడుపెక్కడికి పోతాదే? నువ్వూ రా, ఏడ్సే ముసలమ్మ యేసం ఖాళీగున్నాది" అన్నాడు తాతయ్య. అత్త తిట్టుకుంటూ వెళ్లింది. ఆట రోజున అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

ఆ రోజు తాతయ్య తప్పెటను తెచ్చి చెల్లి మెడలో వేశాడు. ఆడపిల్లకు తప్పెట కట్టే ఆచారం మాలో లేదు. పెద్దలు గొణిగారు. "తుఫానుకి ఆడా మగా ఏటి?" అని ఆయన చెల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "నువ్వే తుఫాను. నువ్వు కొడితేనే ఈ ఇల్లు కూలతాది. లేపోతే ఇలాగే నిలబడుంటాది, సూడు" అని నన్ను చూపించాడు.

నేను చేతులెత్తి ఇల్లులా నిలబడ్డాను. చేతులు లాగేస్తున్నా దించలేదు. చాలాసేపటికి చెల్లి వేలితో ఒకసారి తట్టింది. మళ్లీ తట్టింది. ఆపైన రెండు చేతులా బాదింది. మేం ఊగాం, ఒరిగాం, పడ్డాం. అందరం పడిపోయినా అది బాదుతూనే ఉంది. చెయ్యి పట్టుకోబోయిన అమ్మను తాతయ్య అడ్డుకున్నాడు.

"ఉండు. ఎప్పుడాగాలో తుఫానే సెప్పాలి."

చివరికి చెల్లి రొప్పుతూ చేతులు దించింది. "ఆగిపోనాను" అంది. నా దగ్గరికి వచ్చి, "లెగు" అంది.

బడి మళ్లీ తెరిచేసరికి నేను కలుపు తీయడానికి పోతున్నాను. నా చదువు అంతటితో సరి. ఇన్నేళ్లకు, మొన్నటి తుఫానుకు కరెంటు పోయి, సెల్‌ఫోన్లు చచ్చి, మా వీధి పిల్లలు గోడలకేసి చూస్తూ కూర్చున్నారు. ఎగిరిపడిన మా ఇంటి రేకును పాత ఇనుముకు వేసేద్దామన్నాడు మా అబ్బాయి. నేనివ్వలేదు, రేకు కత్తెర తెమ్మన్నాను. ఆరు తప్పెటలొచ్చాయి, ముక్క వృథా పోలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆట. పాట పిల్లలది, తుఫాను వేషం వంతులవారీగా వాళ్లదే. ఇల్లు వేషం మాత్రం నేనెవరికీ ఇవ్వను. ఈ మోకాళ్లతో కిందపడితే లేవడం కష్టమే. అయినా ఏ పిల్లో వచ్చి "లెగు మామ్మా" అనేదాకా కదలను.