హార్డ్లీ అని రాసిన దరఖాస్తు

జవాబు పత్రాల కట్ట విప్పితే బీరువాలో మగ్గిన కాగితం, పిల్లల చేతి చెమట, చవక సిరా కలిసిన వాసన వస్తుంది. బాన్సువాడ బడిలో ఇంగ్లీషు చెబుతూ చెబుతూ ఆ వాసనకే అలిసిపోయాను. ఈ సాయంత్రం ఒక పిల్ల, వాళ్లమ్మ పొలంలో 'హార్డ్లీ' పనిచేస్తుందని రాసింది. కష్టపడి అని దాని ఉద్దేశం. ఆ మాటకేమో, దాదాపు ఏ పనీ చేయదని అర్థం. ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు గీయలేకపోయాను.

మా బాపు కోటగిరి దగ్గర కాలువ మీద నీరటి. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే తాత్కాలిక పని. వానాకాలం నాట్ల రోజుల్లో పార భుజాన వేసుకుని, గోనెసంచి నెత్తిన కప్పుకుని పొద్దున్నే వెళ్లిన మనిషి, మేం మక్కగుడాలు తిని, తొక్కుడుబిళ్ల ఆడి ఆడి విసిగిపోయాక మోకాళ్ల దాకా బురదతో వచ్చేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, బతుకమ్మకు అమ్మ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతున్న రోజున, పాత నీరట్లను పర్మినెంటు చేస్తారని కబురొచ్చింది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటే బాన్సువాడ కాలువల ఆఫీసులో సారు వెంటనే చదువుతాడన్నారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. 'స్లో'కు 'లీ' చేరిస్తే నెమ్మదిగా అయినట్టే, 'హార్డ్'కు చేరిస్తే కష్టపడి అవుతుందని నా నమ్మకం. మా నాన్న పన్నెండేళ్లుగా హార్డ్లీ పనిచేస్తున్నాడని గుండ్రటి అక్షరాలతో రాశాను.

పండుగ వెళ్లాక షేర్ ఆటోలో బాపు, నేను బాన్సువాడ వెళ్లాం. సారు చదివి నవ్వాడు. గుమాస్తాకు వినిపిస్తే అతనూ నవ్వాడు. సారుకు నచ్చిందనుకుని బాపు కూడా నవ్వాడు.

"పన్నెండేండ్ల సంది నువ్వు పనే చేస్తలేవని రాసింది నీ బిడ్డ," అన్నాడు గుమాస్తా.

బాపు నవ్వు మెల్లగా ఆగింది. "చిన్నపిల్ల సార్. రాసుడు తప్పువోయింది, పని తప్పువోలే," అన్నాడు.

సారు ఇంకో కాగితం ఇప్పించాడు. అక్కడే నిలబడి, సారు చెప్పినట్టు 'లీ' తీసేసి మళ్లీ రాశాను.

తిరుగు ఆటోలో నేను ఏడుస్తుంటే బాపు, "ఇగ ఏడువకు. మరి కష్టంజేస్తుండు అంటే ఏమనాలె?" అని అడిగాడు.

"హార్డ్ అనాలె బాపు. లీ పెట్టొద్దు."

"గంతేనా," అని, కోటగిరి వచ్చేదాకా పెదవులు కదుపుతూ ఆ మాట నేర్చుకున్నాడు. అమ్మతో మాత్రం, "సారు మంచిగ నవ్వుకుంట మాట్లాడిండు," అన్నాడు.

ఆ ఏడు ఎవరినీ పర్మినెంటు చేయలేదు. తర్వాత ఆ పనే తీసేశారు. నా రాత వల్ల పోలేదని పెద్దయ్యాక తెలిసింది. తెలిసినా మనసు తేలిక పడలేదు. బాపు పోయి నాలుగేళ్లు. ఇప్పుడు కాలువ షట్టరును ఎవరు ముందొస్తే వాళ్లు పైకెత్తి నీళ్లు మళ్లించుకుంటున్నారు. మొన్న అటు వెళ్తే చివరి మడి నెర్రెలు బారి ఉంది. గట్టు మీద ఒక ముసలి రైతు కూర్చుని ఉన్నాడు.

"నీళ్లు ఒస్తలేవు బిడ్డా. ఎవరికి చెప్పాలె?" అని అడిగాడు.

ఒకప్పుడైతే మా బాపుకు చెప్పేవాళ్లు.