సున్నాకు తిప్పిన పంతొమ్మిది నాబులు

ఈ సంగతిని కాగితం మీద పెట్టక తప్పదు. ఇందులో ఉన్న ముగ్గురిలో ఎవరి జ్ఞాపకాన్నీ నమ్ముకోవడానికి లేదు. మొదటిది ఒక పాత సింథసైజర్. జ్ఞాపకం పెట్టుకునే భాగమే లేకుండా దాన్ని తయారుచేశారు. రెండో మనిషి మా మామ. ఆయన మనసులో అంతా ఉంది, చెవులే సెలవు తీసుకుంటున్నాయి. మూడోవాణ్ణి నేను. చదివినదంతా గుర్తుంటుంది, పని పడిన రోజున తప్ప.

బళ్ళారి కౌల్ బజార్‌లో మాది దారాల అంగడి, దాని వెనకే ఇల్లు. జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్లకు దారం, జిప్పులు, రాగి గుండీలు అమ్ముతాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అంగట్లో సగం దక్కనీ ఉర్దూ. తెలుగు చదవడం నేను గ్రంథాలయంలో సొంతంగా నేర్చుకున్నాను. ఎలక్ట్రానిక్స్ కూడా అక్కడే, మూల బీరువాలో ఉన్న ఒక లావుపాటి పుస్తకంలో. ఆ పుస్తకాన్ని నాకంటే ముందు చెదలు చదివాయి. సరిగ్గా ఫిల్టర్ అధ్యాయాన్నే తినేశాయి. అందుకని నాకు ఫిల్టర్ గురించి అందరికంటే ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగా అన్నది చివర్లో చెబుతాను.

సింథసైజర్ అంటే కరెంటునే పాటగా మార్చే వాయిద్యం. అందులో ఒక భాగం కంపనం పుట్టిస్తుంది. దాని గొంతు మొరటుగా, తుమ్మెద డబ్బాలో పడ్డట్టు ఉంటుంది. రెండో భాగం ఫిల్టర్, అంటే జల్లెడ. ఆ మొరటుతనంలో ఎంత బయటికి వదలాలో అది చూసుకుంటుంది. మూడోది కాపలాదారు. స్వరం మెల్లగా మొదలవ్వాలా, టక్కున మొదలవ్వాలా, ఎప్పుడు ఆగాలి అన్నది వాడి చేతిలో ఉంటుంది. ఈ భాగాలను విడివిడి పలకలుగా చేసుకుని, తీగలతో మనకు తోచినట్టు కలుపుకుంటే దాన్ని మాడ్యులర్ అంటారు. నేను అలాంటిదొకటి పాత దారపు రీళ్ళ బీరువాలో కట్టుకున్నాను. ఎరుపు, పసుపు, నీలం తీగలు వేలాడుతుంటాయి. ఒకసారి ఎదురు షెడ్డు యజమాని వచ్చి చూసి, “ఏంది సేఠూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టినావా? ఆ నీలం దారం మీటరెంత?” అన్నాడు. అది దారం కాదు, తీగ అని చెప్పాను. “మరి కుట్టేకి రానిది అంగట్లో ఎందుకప్పా?” అన్నాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. ఊరు తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ. ఇంటిల్లిపాదీ వడ్ల వ్యాపారం చేస్తుంటే ఈయన మాత్రం బళ్ళారిలో ఒక ఆర్కెస్ట్రాలో చేరి కీబోర్డు వాయించాడు. జాతరలు, పెళ్ళిళ్ళు, వినాయకుడి పందిళ్ళు. ఆర్కెస్ట్రా యజమాని ఎక్కడినుంచో తెచ్చిన పాత జపాను సింథసైజర్ ఆయన చేతికొచ్చింది. దాని మీద మామ ఒకే ఒక శబ్దంతో పేరు సంపాదించాడు. సన్నాయి కాదు, సిరుగుప్ప రైసుమిల్లు కూతా కాదు, ఆ రెండింటికీ పుట్టిన బిడ్డలా ఉండేదట. జనం దానికి మిల్లు సన్నాయి అని పేరు పెట్టారు. పెళ్ళికి మేళంవాళ్ళు సమయానికి రాకపోతే ముహూర్తం దానితోనే జరిపించేవాళ్ళట. ఆ శబ్దంతో తాళి కట్టించుకున్న జంటలు ఈ జిల్లాలో ఇప్పటికీ కాపురం చేస్తున్నాయి. నేను మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. ఆర్కెస్ట్రా పాటలంటే చులకనగా చూసి గ్రంథాలయంలో కూర్చున్న వయసు నాది అప్పుడు.

మొన్న శ్రావణంలో మామ ఆ పెట్టెను దుప్పటిలో చుట్టి బస్సులో తెచ్చాడు. చాలా ఏళ్ళుగా అది వెలగడం లేదు.

“కుడి చెవి పాయె. ఎడమది స్వల్ప ఉండాది,” అన్నాడు. “డాక్టరు, ఇదీ ఎక్కువ దినాలు రాదన్నాడు. అది పొయ్యేలోపల మిల్లు సన్నాయి ఒకసారి వినల్లరా.”

“బాగు చేస్తా మామా,” అని ఎడమ చెవి దగ్గర అరిచాను.

“చెయ్. నాబులు మటుకు ముట్టొద్దు. ఆఖరు ప్రోగ్రాములో యాడుండాయో ఆడనే ఉండాయి. దాన్ని నిద్ర లేపు, చాలు.”

ఎందుకు ముట్టకూడదో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కాలపు యంత్రాలు దేన్నీ దాచుకోవు. ఇప్పటి కీబోర్డులో మీట నొక్కితే వంద వాయిద్యాలు వస్తాయి. ఇందులో అలా కాదు. ముందువైపున్న పంతొమ్మిది నాబులు, అంటే తిప్పే బిళ్ళలు, ఏ ఏ అంకెల దగ్గర నిలిచి ఉన్నాయో అదే శబ్దం. ఒకటి జరిగితే ఆ శబ్దం పోయినట్టే. ఈ విషయాన్ని మా ఆవిడకు, అంగట్లో పనిచేసే వాళ్ళకు అరగంట సేపు వివరించి, ఒక అట్టముక్క మీద తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలోనూ ‘ముట్టరాదు’ అని రాసి పెట్టె ముందు నిలబెట్టాను.

వెనక మూత విప్పి చూస్తే నాకు సగమే అర్థమైంది. మిగతా సగానికి పక్క వీధిలో టీవీలు బాగుచేసే సాబ్ దగ్గరికి వెళ్ళాను. నేను పుస్తకంలో చదివిన నాలుగు కారణాలు చెబుతుండగానే ఆయన ముక్కుతో వాసన చూసి, “కెపాసిటర్ ఉబ్బింది సేఠ్. అంతే. ఇంత చదవద్దు, తల వేడి అయితది,” అన్నాడు. కొత్తది బెంగళూరు నుంచి రావాలి. దసరా సెలవులు దాటాక వస్తుందన్నారు. ఈలోగా పనికొస్తాయని ఆ యంత్రాన్ని వంద ఫొటోలు తీశాను. అన్నీ లోపలివే. విద్య అంతా లోపలే ఉంటుందని నా నమ్మకం.

దసరాలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా అంగట్లో కత్తెర నుంచి స్టేప్లర్ వరకు అన్నీ కడిగి, తుడిచి, కుంకుమ పెట్టి పూజ చేస్తాం. మా తాత పెట్టిన నియమం ఇంకొకటుంది. పూజకు ముందు కొలతలన్నీ సున్నాకు రావాలి. తూకం ముల్లు, దారం చుట్టే యంత్రం మీద మీటర్ల లెక్క, క్యాలిక్యులేటర్, అన్నీ. మధ్యలో ఆగిన కొలత మీద కుంకుమ పెడితే ఏడాదంతా ఆ తప్పు కొలతే వస్తుందని ఆయన భయం. ఈ పని ప్రతి ఏటా నా చేతిదే. నలభై ఏళ్ళ వయసు దాటిన చేతికి ఇక తలతో పని ఉండదు.

బళ్ళారి ఎర్రదుమ్ము సంగతి తెలిసిందే. గనుల లారీలు తిరిగినంత కాలం అది మా అందరి మీదా ఉంటుంది. మామ పెట్టె మీద కూడా మందంగా పేరుకుని ఉంది. మా ఆవిడ హారతి పళ్ళెం పట్టుకుని, “దానికొక్కదానికే మురికితో పూజ చేస్తారా?” అంది. నిజమే కదా అనిపించింది. అట్టముక్కను జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాను. కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్క నాబు చుట్టూ తుడిచాను. తుడిచి, దాన్ని ఎడమవైపు చివరిదాకా తిప్పి, సున్నా మీద నిలబెట్టి, కుంకుమ బొట్టు పెట్టాను. పంతొమ్మిదింటికీ అంతే. వరస తప్పలేదు. చామంతి దండ వేసి, అప్పుడు తీశాను ముందువైపు మొదటి ఫొటో. కర్పూరం వెలిగించి కళ్ళకద్దుకున్నాక అట్టముక్కను మళ్ళీ దాని స్థానంలో పెట్టాను.

మూడో రోజు కెపాసిటర్ వచ్చింది. సాబ్ అతికించాడు. ఎర్ర దీపం వెలిగింది. మీట నొక్కితే శబ్దం లేదు. సాబ్ ముందువైపు వంగి చూసి, “వాల్యూం సున్నా ఉంది సేఠ్,” అన్నాడు. తర్వాత పక్కది చూశాడు. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత నా ముఖం చూశాడు.

వాల్యూం పెంచితే దోమ ఏడ్చినట్టు వచ్చింది. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. “మూడు భాషల్లో రాసినారు గదా ముట్టొద్దని,” అంది. “నాలుగో వరసలో మీ పేరు రాయల్సింది.”

మామ ఆదివారం వస్తానని అప్పటికే మెసేజీ పంపాడు. నాకు నాలుగు రోజులున్నాయి. పుస్తకాల ప్రకారం సన్నాయి ఎలా పుడుతుంది, కూత ఎలా పుడుతుంది అని లెక్క కట్టి రెండింటినీ కలిపాను. స్కూటర్ హారన్ వచ్చింది. ఇక సిగ్గు విడిచి, అదే ఆర్కెస్ట్రాలో పాడిన ఆమె దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆమెను పాటక్క అంటారు. ఇప్పుడు టిఫిన్ సెంటర్ నడుపుతోంది. దోసె తిప్పుతూనే నోటితో మిల్లు సన్నాయి వాయించింది.

“మొదల్లో కొంచెం గీసుకుంటాండె అప్పా. ఆమేలె నోరు తెరుచుకుంటాండె. కానీ మెత్తగా. ముసల్ది మనవడిని పిల్చినట్ల.”

“అక్కా, అది సైన్ తరంగమా, రంపపు పళ్ళ తరంగమా?” అన్నాను.

“దోసె మాడుతుంది, జరుగు,” అంది.

ఆమె నోటి శబ్దాన్ని ఫోనులో పట్టుకుని వచ్చి, మామ పెట్టెను వదిలేసి, నా మాడ్యులర్ మీద రెండు రోజులు తీగలు మార్చాను. శనివారానికి ఒకటి కుదిరింది. మామ పెట్టెను ముందు పెట్టి, శబ్దం వెనకనున్న బీరువా నుంచి వచ్చేలా చేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. సగం చెవి ఉన్న మనిషిని మోసం చేయడానికి ఇంత చదువు కావాల్సి వచ్చిందే అని అనిపించి తీగలు పీకేశాను.

ఆదివారం పొద్దున మామ వచ్చాడు. నేను పిలిచానని పాటక్క కూడా వచ్చింది. చెవిటి మనిషి ముందు తప్పు ఒప్పుకోవడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అది గుసగుసగా కుదరదు.

“మామా, ఆయుధ పూజకు సున్నా చేసినా!”

“ఏంది?”

“సున్నా! సున్నా చేసినా మామా! నేనే!”

ఎదురు షెడ్డులో కుట్టు మిషన్లు ఆగాయి. యజమాని తల బయటికి పెట్టి, “ఏం సున్నా అయింది సేఠూ? వ్యాపారమా?” అన్నాడు.

మామ పెట్టె మీదికి వంగి నాబులను వేలితో లెక్కపెట్టాడు. “పంతొమ్మిదీనా?”

“పంతొమ్మిదీ.”

“కుంకుమ ఎవురు పెట్టినారు?”

“నేనే.”

“వరసగా పెట్టినావు,” అన్నాడు.

అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. “నీకు గుర్తుంటాయి గదా మామా, ఏ నాబు యాడనో,” అని అరిచాను.

“నాకే గుర్తుంటే నిన్ను ముట్టొద్దని ఎందుకు చెప్తాన్రా?”

పాటక్క కుర్చీ లాగి ఆయన్ను స్పీకరు పక్కన, ఎడమ చెవి దానికి తగిలేటట్టు కూర్చోబెట్టింది. “అన్నా, నేను నోటితో పట్టిస్తా, నువ్వు చేత్తో పట్టు,” అని ఆయన భుజం మీద తాళం వేసింది. మామ నాబులు తిప్పడం మొదలుపెట్టాడు. లెక్కతో కాదు, కూరలో ఉప్పు చూసినట్టు. ఒక గంటకు గీసుకునే మొదలు దొరికింది. ఇంకాసేపటికి నోరు తెరుచుకోవడం దొరికింది. మెత్తగా, కొంచెం వణుకుతూ, సన్నాయి లాంటిది ఒకటి గదిలో నిలబడింది. పాటక్క చేయి ఆగింది.

“ఇది కాదు,” అన్నాడు మామ. “మూసుకుపోయి ఉండాది.” అని ఫిల్టర్ నాబు పట్టుకుని పైకి తిప్పాడు.

ఇంకా తిప్పాడు. జల్లెడ తెరుచుకునే కొద్దీ శబ్దం పదునెక్కింది. మా ఆవిడ వంటింటి తలుపు వేసుకుంది. ఎదురు షెడ్డు నుంచి, “ఏం కోస్తాండారప్పా ఆడ? ఇనుమా?” అని కేక వినిపించింది. నాబు చివరి అంకె దగ్గరికి వచ్చినప్పుడు మామ ముఖం విచ్చుకుంది.

“ఇదే. ఇదేరా! యాడికి పోతుంది?”

కళ్ళు మూసుకుని ముహూర్తం మేళం మొత్తం వాయించాడు. రేకు మీద మేకు గీసినట్టున్న ఆ శబ్దంలో ఒక్క స్వరం తప్పలేదు. పైస్థాయి శబ్దాలు వినిపించని చెవికి పాత మెత్తదనం అందాలంటే జల్లెడను అంతగా తెరవాలి. చెదలు తినేసిన అధ్యాయం నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. నేను పాటక్క వైపు చూశాను. ఆమె నా వైపు చూసి, గట్టిగా, మామ చెవిలో, “ఇదేనన్నా!” అంది.

అంగడి మెట్లు దిగేటప్పుడు పాటక్క నాతో, “అప్పుడింత కోసుకుపోతా ఉండలేదప్పా,” అంది. “మొగం మటుకు అప్పటిదే.”

మామ చెబుతుంటే పంతొమ్మిది అంకెలూ రాసుకున్నాను. మరుసటి రోజు పొద్దున అవే అంకెల మీద మీట నొక్కితే శ్రుతి కాస్త జారి ఉంది. పాత యంత్రాలు వేడికి, చలికి మారుతుంటాయని పుస్తకంలో ఉంది. ఈ సంగతి మామకు చెప్పలేదు. అంకెలు మాత్రం ఈ కాగితాల వెనక అతికించాను.

సాయం చేసిన వాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని కూర్చున్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. పేరు రాస్తే ఊళ్ళో పాత పెట్టెలన్నీ తన ముందే దించుతారని సాబ్ భయం. పెళ్ళిళ్ళలో మళ్ళీ పాడమంటారని పాటక్క భయం. ఎదురు షెడ్డు యజమానికి, తాను సాయం చేసినట్టే తెలియదు. గంటసేపు మిషన్లు ఆపించాడు, అదే సాయం. నాకు పుస్తకాలిచ్చిన గ్రంథాలయం మేడమ్, చెదల సంగతి రాస్తున్నానని తెలిసి తన ఊసే వద్దంది. కాబట్టి టీవీ సాబ్‌కు, పాటక్కకు, ఎదురు షెడ్డు సేఠ్‌కు, మేడమ్‌కు, మనం పిలుచుకునే ఈ పేర్లతోనే నమస్కారం. మామకు వేరే చెప్పాలి. నిన్న మెసేజీ వచ్చింది: “ఆదివారం మళ్ళ వస్తాండా. చెవి ఉండాది. నాబులు ముట్టొద్దు.”

మా ఆవిడకు అందరికంటే ఎక్కువ రుణపడ్డాను. పెట్టె ముందు అట్టముక్క మళ్ళీ నిలబెట్టాం. నాలుగో వరస ఆమే రాసింది. ఈ వ్యవహారమంతటిలో పేరు పెట్టి రాసింది అక్కడొక్కచోటే, అది నాది.