కరాచీ నుంచి మగ్గం దాకా

నా చిన్నప్పుడు కరాచీ నుంచి మద్రాసుకు ఎంత దూరమని ఎవరైనా అడిగి ఉంటే, మా గడప నుంచి నాయన మగ్గం దాకా అని ఠక్కున చెప్పేవాణ్ణి. అప్పట్లో నా లోకమంతా అంతే.

నగరిలో మాది నేతపని చేసుకునే ఇల్లు. ఒకసారి చింతచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాను. పుత్తూరు తీసుకుపోయి, ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టించారు. కదిలిస్తే కాలు వంకరగా అతుక్కుంటుందని కట్టు కట్టినాయన మరీ మరీ చెప్పి పంపాడు. వంకర కాలితో మగ్గం కింది గుంటలో కూర్చుని కాలిపలకలు తొక్కలేను. మా ఇంట్లో తొక్కలేనివాడికి బతుకే లేదు. అది తెలిసీ నాకు ఓపిక చాలలేదు. ఒకటే దురద, ఉక్క. వీధిలో పిల్లల అరుపులు వింటుంటే ఏడుపు ముంచుకొచ్చేది. బోనులో పడ్డ ఎలుకలా గింజుకుంటూ కట్టు ముడులు లాగేవాణ్ణి. నాయన కసిరేవాడు, అమ్మ బతిమాలేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి మా చిన్నాయన ఇంటికొచ్చింది అప్పుడే. కరాచీలో విమానాలు బాగుచేసేచోట పనిచేసి, ఒకే ఒక్కసారి అక్కణ్ణుంచి మద్రాసుకు విమానంలో వచ్చాడు. రైల్లో రోజుల తరబడి పట్టే దారి, పొద్దున ఎక్కితే దీపాలు పెట్టే వేళకు దింపేసిందట. విమానంలో అటూ ఇటూ పరిగెత్తొచ్చా అని అడిగాను.

"యాడ పరిగెత్తేది రా? నడుముకు పట్టీ ఏసి కూసోబెడతారు. కట్టేసుకొని కూసున్నోడే అంత దూరం పోయేది. దావలో విప్పుకుంటే యాడ పడతాడో!"

మాటతో ఊరుకోలేదు. గడప పైనుంచి మగ్గం పైదాకా ఒక నూలుపోగు కట్టి, దానికి కాగితపు విమానం తగిలించాడు. గడప కరాచీ, మగ్గం మద్రాసు. నేను కట్టు ముట్టుకోని రోజు విమానం జానెడు ముందుకు పోతుంది, ముట్టుకుంటే అక్కడే నిలిచిపోతుంది. నాయన మాత్రం నూలు దండగని గొణిగాడు.

విమానం సగం దారిలో ఉండగా చిన్నాయనకు మద్రాసులో పని దొరికి వెళ్లిపోయాడు. అది నడి ఇంట్లో వేలాడుతూ ఉండిపోయింది. లేచి జరపడానికి నాకు కాలు లేదు, అడగడానికి నాయనంటే భయం. ఇక ఎప్పటికీ ఈ చాప మీదే ఉండిపోతాననిపించింది. కట్టు ముడి పట్టుకుని అలాగే నిద్రపోయాను.

తెల్లవారి కళ్లు తెరిస్తే, గుంటలోకి దిగబోతున్న నాయన ఆగి, మునివేళ్ల మీద లేచి, విమానాన్ని జానెడు జరుపుతున్నాడు. నా వైపు చూడలేదు. నేను ముడి వదిలేశాను. ఆ తర్వాత ప్రతి పొద్దునా అంతే.

విమానం మగ్గం మీదికి చేరాక నాయన బండి కట్టించాడు. పుత్తూరులో కట్టు విప్పారు. కాలు నేల మీద మోపడానికి భయపడి అరుగు మీదే కూర్చుండిపోయాను. నాయన చెయ్యి చాచాడు.

"మద్రాసొచ్చేసినాది. దిగురా."

కాలు తిన్నగానే అతుక్కుంది. ముసలివాణ్ణయ్యేదాకా ఆ గుంటలోనే తొక్కాను. విమానం ఎన్నడూ ఎక్కలేదు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని పొద్దుల్లో ప్రాణం విసిగిపోతుంది. అప్పుడు పైకి చూస్తాను. అక్కడ పోగు లేదు, నాయనా లేడు. అయినా ఆ జానెడు జరిపిన చెయ్యి గుర్తొస్తుంది, ఈ రోజుకు ఓపిక పడతాను.