ఉప్పు రాసిన ఐసుగడ్డ

పెండ్లయినంక మొదటి ఎండకాలం నేను అత్తగారింటికి పోయిన తీరు వింటే, మీ అల్లుడు ఏం తప్పు చేసినా మాఫ్ చేస్తరు. గంత ఆగమయ్యింది.

అప్పుడు నాకు హైదరాబాదుల నౌకరి. మామ ఊరు కల్వకుర్తి అవతల. ఆ ఊర్లె ఐసును కండ్ల చూసినోళ్లు తక్కువ. "ఐసుగడ్డ తెస్తున్న మామా, అందరికీ సల్లటి షర్బత్ తాపుదాం" అని కబురు పంపిన. మామ ఊరంతా చాటిండు.

ఐసు కార్ఖానోళ్లు చంటిపిల్లంత గడ్డను రంపపు పొట్టుల పెట్టి గోనెసంచిల కట్టిచ్చిండ్రు. నాకది ఆనలేదు. ఉప్పేస్తె మామిడికాయ ఏడాది నిలుస్తది, ఐసుగడ్డ ఒక్కపూట నిలవదా? ఇంత ఉప్పు తెచ్చి, సంచి ఇప్పి, పెండ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు గడ్డంతా రాసిన. నా తెలివికి నేనే మురిసిపోయిన.

బస్సెక్కి సంచి సీటు కింద పెట్టిన. కొంచెం దూరం పోంగనే ముందు సీటుల ముసలామె కాళ్లు పైకి గుంజుకున్నది.

"ఎవ్వల పోరడయ్యా, గిట్ల పోసిండు?"

"పోరడు కాదు పెద్దమ్మా, ఐసుగడ్డ. జర చెమట పట్టింది."

"చెమటనా? నా చెప్పులు తేలుతున్నయి!"

"ఫికర్ చెయ్యకు. దండిగ ఉప్పేసిన."

ఆమె సంచిని చూసింది, నన్ను చూసింది, లేచి ఎనక సీటుకు పోయింది.

మామ వాకిట్ల జాతరోలె జనం. గంగాళం నిండ నిమ్మకాయ షర్బత్ కలిపి పెట్టిండ్రు. "జరుగుండ్రి, అల్లుడొచ్చిండు!" అని మామ దారి ఇప్పిచ్చిండు. నేను దర్జాగ సంచి ఇప్పిన. తడి పొట్టు. మోచేతి దాక చెయ్యి పెట్టి దేవులాడిన. గోళికాయంత ముక్క దొరికింది. పైకి ఎత్తి చూపెట్టేలోపట అదీ నీళ్లయి మోచేతి మీదికెల్లి కారింది.

"ఏదల్లుడా?"

"ఈ సంచిలనే ఉండె మామా!"

మా ఆమె యాదమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది.

తర్వాత ఒక సైన్సు సారు సమజ్ చేసిండు. ఐసు కరగాల్నంటే సుట్టుపక్కల వేడి గుంజుకోవాలె. పొట్టు ఆ వేడిని లోపలికి రానియ్యదు. ఉప్పు తగిలిందా, నీళ్లు గడ్డకట్టేటంత సల్లగున్నా గూడ ఐసు కరుగుతది. అంటే కావలోడనుకొని నేను దొంగకే తాళంచెవి ఇచ్చిన!

ఆ దినం నేనింకా ఖాళీ సంచి ముంగట నిలబడి ఉండంగనే మామ గొర్ల మంద ఇంటికి మర్లింది. ఉప్పు సంగతి వాటికెట్ల తెలిసిందో, జనాన్ని తోసుకొని వచ్చి సంచి మీద పడ్డయి. ఒకటే నాకుడు. పొట్టేలొకటి నా చెయ్యి గూడ ఇడువలే.

మామ మీసం దువ్వి, ఊరోళ్ల దిక్కు తిరిగి గంభీరంగ అన్నడు: "మీ షర్బత్ మీరు తాగుండ్రి. అల్లుడు గిది నా గొర్ల కోసం తెచ్చిండు."

ఆ గొర్ల సాక్షిగ అక్కడ్నే ఒట్టు పెట్టుకున్న: ఈ జన్మల అత్తగారింటికి కరిగే వస్తువు మోయ. అప్పటిసంది ఇత్తడి బిందెలే తీస్కపోతున్న.